స్లో మోషన్‌కు కావాల్సింది ఫ్రేములు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో తీసుకున్న వీడియోలను సొంతంగా ఎడిట్ చేసుకునేవారి కోసం ఉచిత సాఫ్ట్‌వేర్లను పరిచయం చేస్తూ మీ సాంకేతిక పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. విండోస్ మూవీ మేకర్‌తో ఎడిటింగ్ నేర్చుకున్న మా తరంవాళ్లకు ఇలాంటి వ్యాసాలు చాలా అవసరం. మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో దాన్ని నిలిపివేశాక, పాత కంప్యూటర్ మూలపడినప్పుడల్లా కొత్త సాఫ్ట్‌వేర్ వెతుక్కోక తప్పడం లేదు. అయితే మంచి సాఫ్ట్‌వేర్‌కు మారితే చాలు, పాత వీడియోలన్నిటినీ సినిమాలో మాదిరి సాఫీగా సాగే స్లో మోషన్‌లోకి మార్చుకోవచ్చన్న అర్థం ఆ వ్యాసంలో ధ్వనించింది. అది సరికాదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెళ్లిలో తలంబ్రాల ఘట్టాన్నే తీసుకుందాం. ఫోన్‌లో మామూలుగా తీస్తే సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 విడివిడి బొమ్మలు వస్తాయి. ఆ క్లిప్‌ను నాలుగో వంతు వేగానికి తగ్గిస్తే, తెర మీద ఒక్క సెకనులో కెమెరా నిజంగా చూసిన బొమ్మలు ఏడెనిమిదికి మించి ఉండవు. మిగతా ఖాళీని సాఫ్ట్‌వేరే పూడ్చాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉన్న ఫ్రేమునే మళ్లీ మళ్లీ చూపిస్తాయి, అందుకే కదలిక కుదుపులుగా కనిపిస్తుంది. కొన్ని పక్కపక్క ఫ్రేములను ఒకదానిలో ఒకటి కలిపేస్తాయి, అప్పుడు చేతుల చుట్టూ నీడలు తేలుతాయి. మూడో పద్ధతి ఆప్టికల్ ఫ్లో. ఒక ఫ్రేములోని ప్రతి చుక్కా తర్వాతి ఫ్రేములో ఎక్కడికి జరిగిందో లెక్కగట్టి, మధ్యలో ఉండాల్సిన బొమ్మను అది కొత్తగా తయారుచేస్తుంది. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో కూడా ఈ సదుపాయం ఉంది, అది నిజంగా మెచ్చుకోదగ్గదే. గౌరీపూజ ముగించుకుని పెళ్లికూతురు మండపం వైపు నడిచి వచ్చే దృశ్యాన్ని సగం వేగానికి తగ్గిస్తే, చాలాసార్లు ఎవరూ తేడా కనిపెట్టలేరు.

తలంబ్రాల దగ్గర మాత్రం ఆ లెక్క తప్పుతుంది. రెండు దోసిళ్ల నుంచి ఒకేసారి రాలే గింజలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఈ ఫ్రేములోని గింజ తర్వాతి ఫ్రేములో ఏ గింజ అయిందో సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టలేదు. దాంతో గింజలు పసుపు చారలుగా సాగిపోతాయి, కొన్ని గాలిలోనే మాయమవుతాయి, వాటి వెనకున్న ముఖం వణుకుతున్నట్టు కనిపిస్తుంది. పెళ్లికొడుకు చెయ్యి పెళ్లికూతురి నుదుటికి అడ్డంగా వెళ్లినచోట, బాసికం ఆ చేతికి అంటుకున్నట్టు కొంతదూరం సాగి మళ్లీ తన చోటికి వస్తుంది. అదే ఘట్టాన్ని సెకనుకు 120 ఫ్రేములతో తీసి ఉంటే, నాలుగో వంతు వేగంలో కూడా ప్రతి ఫ్రేమూ కెమెరా చూసినదే అవుతుంది, అప్పుడు ఏ చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అయినా సరిపోతుంది. కాబట్టి స్లో మోషన్ కావాలనుకున్న ఘట్టమేదో ముందే అనుకుని, ఆ కాసేపూ ఎక్కువ ఫ్రేములతో తీయడమే అసలు ఉపాయం.

ఇందులోనూ మన దేశానికి సంబంధించిన ఒక చిక్కు ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే అమెరికన్ పాఠాల్లో ఇది కనిపించదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు; ఒక్కో ఆవృత్తిలో వెలుగు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. అందువల్ల ఫంక్షన్ హాళ్లలోని పాత చోకు ట్యూబ్‌లైట్ల వెలుగు, చాలా చవకరకం ఎల్ఈడీల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతూ ఉంటాయి. కంటికి తెలియని ఆ మార్పు, 120 ఫ్రేములతో తీసి నాలుగో వంతు వేగానికి తగ్గించాక, సెకనుకు ఐదుసార్లు మినుకుమినుకుమంటూ బయటపడుతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కావడం వల్ల అక్కడ 120 ఫ్రేములకు ఈ ఇబ్బంది రాదు. అక్కడి నుంచి మన పిల్లలు తెచ్చిన కెమెరాతో ఇక్కడి పెళ్లి తీసేటప్పుడు, మెనూలో అమెరికా వీడియో పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీని మన పద్ధతి అయిన పాల్‌కు మార్చుకుని 50 గానీ 100 గానీ ఫ్రేములు ఎంచుకుంటే ఈ మినుకు చాలావరకు పోతుంది. పగటి వెలుగులో అయితే ఈ బాధే లేదు.

సాఫ్ట్‌వేర్ మార్చేవారికి మీ వ్యాసం చెప్పని ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు. ఏ క్లిప్ ఎక్కడుంది, ఎక్కడ కోశాం అన్న వివరాలు మాత్రమే ఉంటాయి. ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రాజెక్టు మరో దానిలో సాధారణంగా తెరుచుకోదు. షాట్‌కట్, కెడెన్‌లైవ్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఒకే పునాది మీద నిర్మించినవే అయినా, ఒకదానిలోని పని మరోదానిలో చెక్కుచెదరకుండా వస్తుందని భరోసా లేదు. అందువల్ల మారేముందే పూర్తయిన వీడియోను మంచి నాణ్యతతో ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి, అసలు క్లిప్పులను వేరే హార్డ్ డిస్కులో దాచుకోవాలి. ఫోన్ క్లిప్పుల్లో ఫ్రేముల రేటు నిలకడగా ఉండదు కాబట్టి, కొత్త సాఫ్ట్‌వేర్‌లో మాటకూ పెదవులకూ పొంతన తప్పితే, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకే రేటుకు మార్చుకుంటే సరిపోతుంది.

ఇక పాత క్యాసెట్ల విషయం. వీహెచ్ఎస్‌లోనూ మినీ డీవీలోనూ మన ఇళ్లలో ఉన్న పెళ్లిళ్లు, అన్నప్రాసనలు పాల్ పద్ధతిలో తీసినవి. ఆ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములే అయినా, ప్రతి ఫ్రేములో బొమ్మను ఏర్పరిచే అడ్డగీతల్లో సరి గీతలకూ బేసి గీతలకూ విడివిడిగా రెండు ఫీల్డులు ఉంటాయి. ఆ రెండూ సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసినవి. అంటే ఆ క్యాసెట్లో సెకనుకు 50 నిజమైన కదలికలు దాగి ఉన్నాయన్నమాట. ఫీల్డులను విడదీసి 50 ఫ్రేములుగా మారిస్తే, ముప్పై ఏళ్ల కిందటి వీడియో అయినా ఏ కల్పనా లేకుండా సగం వేగంలో సాఫీగా సాగుతుంది. కానీ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణాల్లో చాలాచోట్ల ఒక ఫీల్డును వదిలేసో, రెండింటినీ కలిపేసో 25 ఫ్రేముల ఫైలు చేతిలో పెడుతున్నారు. మా బంధువుల ఇంట్లో అలా కాపీ చేయించిన ఫైళ్లను చూశాను. వాటిలో పోయిన సగం కదలికను తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. ఆ ఫైలు చూసుకున్న ధైర్యంతో క్యాసెట్‌ను పారేసేవారిని తలచుకుంటే బాధ కలుగుతోంది. టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది, దాన్ని ఆడించే యంత్రాలూ అరుదైపోతున్నాయి.

అందుచేత మీ సాంకేతిక పేజీలో ఈసారి సాఫ్ట్‌వేర్ల జాబితాకు బదులు, క్యాసెట్‌ను ఫీల్డులు చెడకుండా ఎక్కించుకోవడం ఎలా, దుకాణంలో ఏమని అడగాలి, ఫైలు తీసుకునేముందు ఏం చూసుకోవాలి అన్న విషయాలపై ఒక వివరమైన వ్యాసం వేయించవలసిందిగా కోరుతున్నాను. అది అచ్చులో ఉంటే మా ఊళ్లో ఈ పని చేసే దుకాణదారులకు చూపించి, అలాగే చేసి ఇమ్మని అడగగలుగుతాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజమహేంద్రవరం