చనిపోయినవారి పేర్లకు అనుమతి ఎవరివ్వాలి?

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఈమధ్య వంశవృక్షం పని పెట్టుకున్నాడు. ‘అత్తా, నీకు తెలిసిన పేర్లన్నీ పంపు, ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాను’ అన్నాడు. నాన్నగారు తద్దినాల తిథులు రాసుకున్న పాత నోటుబుక్కు తీశాను. మగవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. ఆడవాళ్ల దగ్గర చాలాచోట్ల ‘భార్య’ అని మాత్రమే ఉంది. మా తాతమ్మ పేరు కోసం అమలాపురంలో ఉన్న మేనత్తకి ఫోన్ చేస్తే, ఆవిడ కాసేపు గుర్తు తెచ్చుకుని, మెల్లగా చెప్పింది. అంత కష్టపడి తెలుసుకున్న పేరు ఎక్కడికి పోతుందో తెలుసుకోకుండా పంపబుద్ధి కాలేదు. ఎందుకంటే, ఇలా పోగైన పేర్లతో మతకర్మలు చేసేవారూ ఉన్నారు.

మోర్మన్లుగా పేరుపడ్డ లేటర్ డే సెయింట్స్ చర్చి వారు చనిపోయినవారి తరఫున బతికున్నవారిని నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. 1840 నుంచి ఉన్న ఆచారమిది. దీనికి పేర్లు కావాలి కాబట్టి 1894లోనే వంశావళి సంఘం పెట్టారు, 1938 నుంచి దేశదేశాల రిజిస్టర్లను మైక్రోఫిల్ములు తీయించి అమెరికాలోని యూటా కొండల్లో గ్రానైట్ తొలిచి కట్టిన ఖజానాలో దాచారు. హరిద్వార్‌లో పండాలు, అంటే తీర్థ పురోహితులు, యాత్రికుల వంశాల పేర్లు రాసిపెట్టే బహీలు కూడా అలా ఫిల్ముకెక్కినవే. ఆ రికార్డుల వల్ల లోకానికి ఎంతో మేలు జరిగింది, అందులో సందేహం లేదు.

కానీ యూదుల విషయంలో జరిగింది చూడండి. యూదులైనందుకే నాజీలు చంపినవారి పేర్లకు బాప్తిస్మాలు చేశారు. యూదు సంఘాలు గట్టిగా అడిగాక 1995లో ఒప్పందం కుదిరి, దాదాపు 3,80,000 పేర్లు జాబితాలోంచి తీసేశారు. అయినా 2012లో, నాజీ నేరస్థులను వెతికి పట్టించడానికి జీవితమంతా పనిచేసిన సైమన్ వీజెంతాల్ తల్లిదండ్రుల పేర్లు బయటపడ్డాయి. ఆయన తల్లిని నాజీలే చంపారు. చర్చి క్షమాపణ చెప్పింది. ఆ ఏడాదే, నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ పేరు, మన గాంధీగారి పేరు కూడా వార్తల్లోకి వచ్చాయి.

చనిపోయిన ఆత్మ దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, ఎవరినీ సభ్యులుగా లెక్కపెట్టం అని చర్చి చెబుతుంది. అది వాళ్ల నమ్మకం. పెద్దల మీద ప్రేమతోనే చేస్తున్నారనీ నమ్ముతాను. మనమూ తర్పణంలో దిక్కులేనివారికి నీళ్లు వదులుతాం కదా అని కొందరు అడగవచ్చు. వదులుతాం. కానీ వాళ్లని మన గోత్రంలో రాసుకోం, వాళ్ల పేరు మీద రికార్డు పెట్టం. బతికినన్నాళ్లూ ఒక దేవుణ్ణి కొలిచినవాళ్లకు, పోయాక నోరు లేనప్పుడు వేరే మతం సంస్కారం చేసి రాసిపెట్టడం నాకు మాత్రం అన్యాయంగానే అనిపిస్తుంది.

సభ్యులు తమ పూర్వీకులకే చేయాలనీ, పుట్టి 110 ఏళ్లు దాటనివారికైతే దగ్గరి బంధువు అనుమతి కావాలనీ ఆ చర్చిలో నియమం ఉంది. మా తాతమ్మ ఆ లెక్క ఎప్పుడో దాటిపోయింది. ఆవిడ సంతానంలో ఎక్కడో ఒకరు సరే అనుకుంటే చాలు, మిగతావాళ్లని అడిగే పని లేదు.

ఇది ఒక మతం గోల కాదు. కేథలిక్ పారిష్ రిజిస్టర్లు ఇందుకోసం ఇవ్వొద్దని వాటికన్ కూడా 2008లో బిషప్పులకు చెప్పింది. మన దగ్గరా పాత చర్చిల బాప్తిస్మం పుస్తకాలున్నాయి, కాశీ గయల్లో పండాల దగ్గర మన ఊళ్ల పేర్లున్నాయి. ఎవరైనా కాపీ తీసుకుంటామని వస్తే దేనికో రాయించుకుని ఇవ్వండి. వంశవృక్షం సైట్లవాళ్లు కూడా, ఈ పేర్లతో మతకర్మలు చేస్తారా లేదా అన్నది మొదటి పేజీలోనే చెప్పాలి. వారసుల్లో ఒక్కరు వద్దన్నా ఆ పేరు వదిలేయాలి.

మేనల్లుడితో ఇదంతా మాట్లాడాను. వృక్షాన్ని ఇంట్లోవాళ్లకు మాత్రమే కనిపించేలా పెడతానన్నాడు. నాన్నగారి నోటుబుక్కులో ‘భార్య’ అన్న మాట పక్కన తాతమ్మ పేరు నేనే పెన్నుతో రాశాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం