బాత్రూమ్‌లో డబ్బు ముందు గోడ లోపల పెట్టండి

సంపాదకులకు,

ఇందిరమ్మ ఇళ్ల కింద ప్రభుత్వం దశలవారీగా ఇచ్చే 5 లక్షలతో ఇల్లు కట్టుకునేవాళ్లకు బాత్రూమ్ దాకా వచ్చేసరికి చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. ఆ కాస్తా షోరూమ్‌లో మెరిసే నల్లాలకు పోతే, పైపులూ వాటర్‌ప్రూఫింగూ అరకొరగా ముగుస్తాయి. ఇది తలకిందులు కావాలి. మరతో బిగించింది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడలో పూడ్చింది చెడితే టైల్స్ పగలగొట్టాల్సిందే.

చన్నీళ్లకు యూపీవీసీ పైపు చాలు, వేడినీళ్లకు సీపీవీసీ తప్పనిసరి. గీజర్ ఇప్పుడు కొనకపోయినా ఆ లైన్ వేసి మూతలు బిగించి ఉంచాలి. నేల మీద, గోడలకు అడుగు ఎత్తు వరకు పాలిమర్ కలిపిన సిమెంటు పూత రెండు కోట్లు పడాలి. ఆరాక నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే గిన్నెలాంటి బిగింపు) మూసి, నీళ్లు నింపి, మట్టం గుర్తుపెట్టి కనీసం 24 గంటలు వదిలేయాలి. మేస్త్రీ తొందరపెట్టినా ఈ పరీక్ష కాకుండా టైల్ వేయనివ్వకండి. నహానీ ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల లోతున నీళ్లు నిలవాలి. లోతు తక్కువైతే ఎండాకాలంలో నీరు త్వరగా ఆరిపోయి కంపు, బొద్దింకలు లోపలికొస్తాయి. నేల వాలు ఏడడుగులకు ఒక అంగుళం ఉండాలి.

టైల్స్‌లో నిజంగా ఆదా ఉంది. 5×7 అడుగుల గదిలో గోడలన్నిటికీ ఏడడుగుల ఎత్తు టైల్స్ వేస్తే, తలుపు పోను సుమారు 150 చదరపు అడుగులు. 12×18 అంగుళాల సెరామిక్ టైల్స్ 100, విరిగేవాటికి మరో 10. స్నానం చేసే మూల చుట్టూ 11 అడుగుల పొడవున మాత్రమే ఏడడుగులు, మిగతాచోట నాలుగడుగులు వేస్తే విరిగేవాటితో కలిపి మొత్తం 88తో సరిపోతుంది. టైల్‌ను అడ్డంగా పెడితే వరుసకు సరిగ్గా అడుగు వస్తుంది, ఎత్తులో కోతలుండవు. టైల్స్‌కు పైన మిగిలిన గోడకు, ఇంటి బయటి గోడలకు వాడే ఎమల్షన్ రంగు వేయండి. గోడకు విట్రిఫైడ్ టైల్ వద్దు. అది నీరు పీల్చదు, ఉత్త సిమెంటుకు పట్టదు, అడెసివ్ (టైల్స్ అంటించే జిగురు) ఖర్చు మీద పడుతుంది. నేలకు గరుకు టైలే వేయాలి, ముసలివాళ్లున్న ఇంట్లో మరీనూ. బోరు నీళ్లున్నచోట ముదురు రంగు టైల్స్, నల్లటి నల్లాలు కొనకండి. తెల్లటి ఉప్పు చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, యాసిడ్‌తో కడిగితే మెరుగూ టైల్స్ సందుల్లోని గ్రౌటూ రెండూ పోతాయి.

నల్లా అంటే ఇత్తడిదే. జింక్ మిశ్రమానికి క్రోమ్ పూసి అమ్మేవి పైకి అలాగే ఉంటాయి గానీ, ఉప్పునీళ్లు తినేసి, విప్పేటప్పుడు మర గోడలోనే విరుగుతుంది. అయస్కాంతం రెండింటికీ అంటదు కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు. అదే సైజువి రెండు చేతుల్లో పట్టుకుంటే ఇత్తడిది బరువుగా ఉందని తెలుస్తుంది. ఇత్తడికి డబ్బు చాలకపోతే చవక క్రోమ్ జోలికి పోకుండా ఐఎస్ఐ గుర్తున్న పీటీఎంటీ ప్లాస్టిక్ నల్లా కొనండి. దాన్ని టెఫ్లాన్ టేపు చుట్టి చేత్తో బిగించాలి, పానా వేస్తే చిట్లుతుంది.

షవర్ కొనేముందు ట్యాంకు ఎత్తు చూసుకోండి. పది అడుగుల ఎత్తుకు వచ్చే పీడనం 0.3 బార్ మాత్రమే. ఒంటి అంతస్తు ఇంట్లో స్లాబ్ మీదే ట్యాంకు పెడితే, అందులో నీళ్లు తగ్గాక షవర్‌కు ఆ పీడనంలో సగం కూడా అందదు, ఎనిమిదంగుళాల రెయిన్ షవర్ చుక్కలు రాలుస్తుంది. ట్యాంకును నాలుగైదు అడుగుల దిమ్మె మీద పెట్టి, రబ్బరు రంధ్రాలున్న నాలుగంగుళాల షవర్ బిగిస్తే హాయి. ఉప్పు పట్టినా వేలితో రుద్దితే పోతుంది.

కమోడ్ నేల మీద నిలిచేది, ఫ్లష్ ట్యాంకు బయట తగిలించే ప్లాస్టిక్‌ది చాలు. నాలుగున్నర అంగుళాల గోడలో దాచే ట్యాంకు పట్టదు. కమోడ్ మురుగు పైపు మధ్య నుంచి గోడకు ఉండే దూరం టైల్ మందం కలుపుకుని కొలవాలి. నాలుగంగుళాల మోడల్, తొమ్మిదంగుళాల మోడల్ ఒకదాని చోట ఒకటి కూర్చోవు. అందుకే పైపు వేయకముందే కమోడ్ ఏదో తేల్చుకోవాలి.

బేస్‌మెంట్ దశలోనే ఈ కొలతలన్నీ ఒక కాగితం మీద లబ్ధిదారులకు ఇవ్వాలని గృహనిర్మాణ అధికారులను కోరుతున్నాం. మీ పత్రిక ఇంటి పేజీల్లోనూ ఇలాంటి చిన్న గదుల లెక్కలు స్థానిక ధరలతో సహా వేయండి.

— సివిల్ ఇంజినీర్లు, ప్లంబర్లు, నల్గొండ