అంతరిక్ష శకలాల విద్యుత్ ముప్పునూ పట్టించుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

అంతరిక్ష శకలాలపై వార్త వచ్చినప్పుడల్లా ఉపగ్రహానికి చిల్లు పడడం, సౌరఫలకం దెబ్బతినడం వంటి కంటికి కనిపించే నష్టం గురించే రాస్తున్నారు. ఇసుక రేణువంత శకలం తగిలినా పుట్టే ప్లాస్మా (విద్యుదావేశ కణాలతో కూడిన వేడి ఆవిరి) ప్రస్తావన మాత్రం ఉండడం లేదు. ఏళ్ల తరబడి డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించిన నాకు ఇది పెద్ద లోటుగా తోస్తోంది.

భూమికి దగ్గరి కక్ష్యల్లో వస్తువులు సెకనుకు 7 నుంచి 8 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి కాబట్టి అవి ఢీకొనే వేగం 10 కిలోమీటర్లు దాటడం మామూలే. ఉల్కా ధూళి సెకనుకు 70 కిలోమీటర్ల వేగంతోనూ రావచ్చు. ఆ తాకిడికి రేణువు, అది తగిలిన చోటి పదార్థం ఆవిరైపోయి, ఆ ఆవిరిలో కొంత ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా విడిపోతుంది. తేలికైన ఎలక్ట్రాన్లు ముందుకు దూసుకుపోగా బరువైన అయాన్లు వెనుకబడడంతో ఆవేశాలు వేరుపడి రేడియో తరంగాలు వెలువడవచ్చు. ఉపగ్రహం ఉపరితలంపై అప్పటికే ఆవేశం పేరుకుని ఉంటే, ఈ ప్లాస్మా దారి ఇవ్వగా అదంతా ఒక్కసారిగా స్పార్కుగా ప్రవహించవచ్చు. బాలానగర్‌లో మా పక్క వర్క్‌షాపులో వెల్డింగు రాడ్డు ఇనుముకు తగిలిన ప్రతిసారీ మా పాత రేడియో గరగరమంటుంది. గోడ అవతలి మెరుపుకే ఇంత అలజడి అయితే, సర్క్యూట్లకు జానెడు దూరంలో పుట్టే స్పార్కు ఏం చేయగలదో ఊహించవచ్చు.

1981లో నాసా వ్యోమనౌక వాయేజర్ 2 శని వలయాల తలాన్ని దాటుతున్నప్పుడు దానిలోని పరికరాలు ధూళి తాకిడులను విద్యుత్ సంకేతాలుగా నమోదు చేశాయి. 1993 ఆగస్టులో, ఏటా ఆ నెలలో వచ్చే పెర్సీడ్ ఉల్కాపాతం ముమ్మరంగా ఉన్న సమయంలో ఐరోపా ఉపగ్రహం ఒలింపస్ అదుపు తప్పింది. దాన్ని తిరిగి నిలబెట్టే ప్రయత్నంలో ఇంధనం దాదాపు అయిపోవడంతో సేవల నుంచి తప్పించారు. ఉల్కా రేణువు వల్ల పుట్టిన విద్యుత్ స్పార్కే కారణమై ఉండవచ్చని నిపుణులు అనుమానించారు. 2016లో ఐరోపా భూపరిశీలన ఉపగ్రహం సెంటినెల్-1ఎ సౌరఫలకంపై పడిన దెబ్బను దానిలోని కెమెరాయే చూపించింది గానీ, విద్యుత్ దెబ్బకు అలాంటి ఫొటో సాక్ష్యం దొరకదు.

2030 నాటికి కొత్త శకలాలు మిగలని ప్రయోగాలు చేయాలన్న ఇస్రో లక్ష్యం హర్షణీయం. అయితే ఇప్పటికే ఉన్న శకలాలు, ఉల్కా ధూళి అప్పటికీ ఉంటాయి. ధ్రువ స్పేస్ వంటి సంస్థలు మన నగరంలోనే ఉపగ్రహాలు తయారుచేస్తున్నాయి, కళాశాలల విద్యార్థులూ ఈ రంగంలోకి వస్తున్నారు. బయటి లోహ భాగాలన్నింటికీ సరైన గ్రౌండింగ్ (వాటిని ఉపగ్రహ చట్రానికి విద్యుత్‌పరంగా కలపడం), తీగలకు లోహపు కవచం, ప్రయోగానికి ముందు విద్యుత్ ఉత్సర్గ పరీక్ష (స్పార్కును తట్టుకుంటుందో లేదో చూడడం) తప్పనిసరి అని వారికి మొదటి రోజు నుంచే నేర్పాలి. వచ్చే ఆగస్టులో పెర్సీడ్ల గురించి మీ విజ్ఞాన పేజీలో రాసేటప్పుడు ఈ విషయానికీ చోటివ్వాలని కోరుతున్నాను.

– విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, బాలానగర్, హైదరాబాద్