ఆరు ఓట్లతో ఓడిపోయాం, ఆ టీచర్ మేడంకు మాత్రం దండం పెట్టాల్సిందే

ఊరి వాళ్లందరికీ నమస్కారం. సర్పంచ్ ఎన్నికలో మన అక్క ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఫలితం మీద మాకు ఏ అభ్యంతరమూ లేదని అధికారులకు చెప్పే బయటికొచ్చాం. ఇంకా ఎవరికీ నిద్ర లేదు, అందరి గొంతులూ పోయాయి. రాసేదాంట్లో ముందూ వెనకా అయితే సర్దుకోండి.

ఓటేసిన ప్రతి ఒక్కరికీ దండాలు. ఇంట్లో వాళ్లకు, అన్నదమ్ములకు, వదినలకు వేరే చెప్పేదేముంది, వాళ్లున్నారన్న ధైర్యంతోనే కదా నామినేషన్ వేసింది. ముందుగా చెప్పాల్సింది మన ఊరు కాని మనిషికి. కౌంటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న టీచర్ మేడంకు. వేరే మండలం నుంచి డ్యూటీ మీద వచ్చారు. ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి పేరు, ఊరు ఇక్కడ పెట్టడం లేదు. ఎవరూ కామెంట్లలో కూడా పెట్టకండి.

లోపలికి ఫోన్లు రానివ్వరు. అందుకే గేటు బయట ఉన్నవాళ్లకు ఏం జరిగిందో తెలియక నానా మాటలూ పుట్టాయి. జరిగింది ఇదీ.

ఒంటి గంటకు పోలింగ్ ముగిసింది. అప్పటికే లైన్లో నిలబడ్డవాళ్లకు చీటీలిచ్చి వాళ్లతోనూ ఓట్లు వేయించారు. రెండు దాటాక లెక్కింపు మొదలైంది. పెట్టెలు తెరవగానే తెల్ల బ్యాలెట్లు ఒక పక్కకు, గులాబీవి ఒక పక్కకు వేరు చేస్తారు. తెల్లవి వార్డు మెంబర్లవి, గులాబీవి సర్పంచ్‌వి. తర్వాత 25 చొప్పున కట్టలు కడతారు. పెట్టెలో దొరికిన కాగితాల సంఖ్య బ్యాలెట్ పేపర్ అకౌంట్‌తో సరిపోవాలి. వచ్చినవెన్ని, ఓటర్లకు ఇచ్చినవెన్ని, పాడై రద్దు చేసినవెన్ని, మిగిలినవెన్ని, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ లెక్క రెండు పక్షాల ఏజెంట్ల ముందే సరిపోయింది. వార్డుల లెక్క అయ్యాకే సర్పంచ్ వంతు. అప్పటికే చీకటి పడుతోంది, డిసెంబర్ కదా. గదిలో ఉన్నది ఒక్క ట్యూబ్‌లైటు, అదీ కొట్టుకుంటూ వెలుగుతోంది.

గొడవ మొదలైంది అనుమానపు ఓట్ల దగ్గర. ఒక బ్యాలెట్ మీద అవతలి పక్షం కత్తెర గుర్తుపై ముద్ర గట్టిగా పడింది, మన ఉంగరం గుర్తుపై కూడా మసగ్గా ఇంకో ముద్ర కనిపిస్తోంది. రెండు గుర్తుల మీద వేశారు, చెల్లదు అని మన ఏజెంట్ పట్టుబట్టాడు. కొద్దిసేపటికే ఇంకో కాగితం వచ్చింది. అందులో ఉంగరం మీద గట్టిగా, కత్తెర మీద మసగ్గా. ఇప్పుడు వాళ్ల ఏజెంట్ లేచాడు. మాటలు పెరిగాయి. హోంగార్డు లోపలికి తొంగి చూశాడు.

మేడం ఎవరినీ కూర్చోమని కూడా అనలేదు. ఒక తెల్ల కాగితం తీసుకుని, ఓటర్లు వాడిన స్వస్తిక్ ముద్రనే దాని మీద వేసి, ఇంకు ఆరకముందే మడిచి విప్పారు. మడతకు అవతల మసక ముద్ర పడింది. దాని చేతులు వెనక్కి తిరిగి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు. "అసలు ముద్రకు చేతులు ఇటు తిరుగుతాయి, అంటిన ముద్రకు అటు తిరుగుతాయి. ఇప్పుడు ఆ రెండు బ్యాలెట్లూ మీరే చూసి చెప్పండి" అన్నారు. ఏజెంట్లు బ్యాలెట్ ముట్టుకోకూడదు, చూడొచ్చు. అందుకని ఆమే ఒక్కో కాగితాన్ని లైటు కిందికి జరిపి, ఇద్దరూ చూశామనేదాకా పట్టుకుని నిలబడ్డారు. మసకవి రెండూ తిరగబడ్డ ముద్రలే. ఆర్వో (రిటర్నింగ్ ఆఫీసర్) సార్ ఒకటి వాళ్లకు, ఒకటి మనకు వేశారు. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోని ఏజెంట్లు ఇద్దరూ ఒకే కాగితం మీదికి వంగి, "ఇది తిరగబడ్డదే అన్నా" "అవును తమ్మీ" అనుకుంటుంటే మిగతావాళ్లకు నోట మాట రాలేదు.

వచ్చేసారికి పనికొస్తుంది, ఒకటి చెప్పాలి. బ్యాలెట్‌ను ముందు నిలువుగా మడవాలి, ఆ తర్వాతే అడ్డంగా. నిలువు మడతలో ఇంకు అంటినా అదే అభ్యర్థి వరసలో అంటుతుంది. ముందే అడ్డంగా మడిస్తే పోయి వేరే అభ్యర్థి గుర్తు మీద పడుతుంది. ముద్ర వేశాక ఒక్క క్షణం ఊదితే ఇంకా మంచిది. ఇంటింటికీ తిరిగి గుర్తు చూపించాం గానీ మడవడం ఎవరూ చూపించలేదు, ఏ పక్షం వాళ్లూ చూపించలేదు.

చెల్లని ఓట్ల సంగతి కూడా. సరిగ్గా రెండు గుర్తుల మధ్య గీత మీద ముద్ర పడ్డవి పోయాయి, ఎవరికి వేశారో తేలదు కాబట్టి. ఒకే అభ్యర్థి గడిలో రెండుసార్లు ముద్ర వేసినవి మాత్రం చెల్లాయి, దానికి భయపడక్కర్లేదు. ఒక బ్యాలెట్ మీద ఎవరో పెన్నుతో "మా గల్లీకి మోరీ కట్టండి" అని రాశారు. ఓటరు ఎవరో తెలిసేలా రాత ఉంటే ఆ ఓటు చెల్లదు, పక్కన పెట్టేశారు. ఓటు ఎవరికీ పడలేదు గానీ మోరీ సంగతి మాత్రం ఇద్దరు అభ్యర్థులకూ చేరింది.

ఇక రీకౌంటింగ్. మొదటి లెక్కలో వాళ్లకు అయిదు ఓట్లు ఎక్కువ. కానీ అభ్యర్థుల ఓట్లు, నోటా, చెల్లనివి అన్నీ కూడితే పెట్టెల్లోంచి తీసిన కాగితాల కంటే ఒకటి తక్కువ వచ్చింది. ఊరికే మళ్లీ లెక్కపెట్టమంటే కుదరదు. ఫలితం ప్రకటించకముందే, కారణం చూపిస్తూ రాసివ్వాలి. ప్రకటించేశాక ఆర్వో చేతిలో ఏమీ ఉండదు, కోర్టుకు పోవాల్సిందే. ఈ సంగతి తట్టక మనవాళ్లు ఆ కంగారులో అరవడమే తప్ప రాయడం లేదు. కాగితం, పెన్ను మన ఏజెంట్ ముందుకు జరిపింది టీచర్ మేడమే. "ఒక ఓటు తగ్గిందని రాయండి, అది సరైన కారణమే" అన్నారు. పొద్దటి నుంచి కూర్చున్న మనిషి, మళ్లీ కట్టలన్నీ విప్పాల్సింది తనే అని తెలిసి కూడా.

విప్పారు. కత్తెర కట్టల్లో ఒకదాంట్లో 26 కాగితాలు తేలాయి, రెండు అతుక్కుపోయి ఒకటిగా లెక్కలోకి వచ్చాయి. రీకౌంటింగ్ అడిగింది మేము, ఓటు కలిసింది వాళ్లకు! అయిదు ఆరయింది. కానీ లెక్క చివరి కాగితం వరకు సరిపోయింది.

అప్పుడామె చేసిన పని మా అందరినీ కదిలించింది. బయట జనం, లోపల ఫోన్లు లేవు, నోటి మాట ఎవరూ నమ్మరు. "నేను చదువుతాను, మీరిద్దరూ విడివిడిగా రాసుకోండి" అని కట్ట కట్టకూ అంకెలు నెమ్మదిగా చదివారు. రాసుకున్నాక కాగితాలు మార్చుకుని సరిచూసుకోమన్నారు. మన ఏజెంట్ దగ్గర ఉన్నది వాళ్ల చేతిరాత, వాళ్ల దగ్గర ఉన్నది మనది. గేటు దగ్గర మనవాళ్లకు చూపించింది ఆ కాగితమే. అక్క ఒక మూల కూర్చుని ఏడుస్తుంటే మేడం తన నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టి, "ముందు తాగమ్మా, బయట నిన్ను చూసే వాళ్లు ధైర్యం తెచ్చుకోవాలి" అన్నారు. అది ఆమె దగ్గరున్న ఆఖరి సీసా అని తర్వాత తెలిసింది.

ఆమె ముందు రోజే మండల కేంద్రంలో సామాగ్రి తీసుకుని, బడి గదిలో నేల మీద పడుకుని, చలిలో పొద్దున్నే లేచి ఏడింటికి పోలింగ్ మొదలుపెట్టిన మనిషి. మధ్యాహ్నం భోజనం చల్లారిపోయి వచ్చింది. ఆడవాళ్లకు బాత్రూంలో నీళ్లు లేవు. లెక్కంతా అయ్యాక సామాగ్రి అప్పగించడానికి బస్సు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. ఇన్నిసార్లు ఎన్నికలు పెట్టే వాళ్లకు ఇన్వర్టర్, నీళ్లు, బండి ఏర్పాటు చేయాలని తోచదా? పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిస్తే ఎన్నిక వచ్చింది 2025 డిసెంబర్‌లో. ఇంత సమయంలో ఒకే ఇంటి ఓట్లు రెండు వార్డుల్లో పడకుండా జాబితా అయినా సరిచేయలేకపోయారు. సరే, దీని గురించి వేరుగా రాస్తాం.

ఆరు ఓట్ల తేడా అంటేనే ఏదో జరిగిందనే వాళ్లకు ఒక మాట. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. 1989లో మన అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్లతో తేలింది. తేడా చిన్నదైనంత మాత్రాన మోసం అయిపోదు. ఇంకా కొందరు టెండర్డ్ ఓటు ఎందుకు కలపలేదని అడుగుతున్నారు. తన పేరు మీద ఎవరో అప్పటికే వేసేస్తే అసలు ఓటరుకు ఇచ్చే బ్యాలెట్ అది. అది పెట్టెలో పడదు, వేరే కవర్లో సీలు చేస్తారు, లెక్కింపులో కలపరు. ఇక్కడ ఉన్నది ఒక్కటే, అది కలిపినా ఫలితం మారదు.

ఇప్పుడు కత్తెరకు ఓటేసిన వాళ్లకు. మీ ఊరేగింపు మన వాడకట్టు మలుపు దగ్గరికి రాగానే డప్పు ఆపేసి, రంగు చల్లకుండా నడిచి వెళ్లారు. ఎవరు చెప్పారో తెలియదు గానీ చూశాం. గెలిచిన అన్న నేరుగా ఇంటికొచ్చి అక్క చేతులు పట్టుకున్నాడు. మనవాళ్లలో ఇద్దరు ముగ్గురు మొహం తిప్పుకున్నారు, వాళ్లకూ టైం ఇవ్వండి.

ఉప సర్పంచ్ ఎన్నికకు మన వార్డు మెంబర్లు పోవద్దని కొందరు పట్టుబట్టారు. పోయారు, మంచిపని చేశారు. సగం మంది లేకపోతే కోరం లేదని వాయిదా పడుతుంది, అది మన ఊరికి నష్టం. పైగా 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కు, ఉప సర్పంచ్‌కు కలిపి చెక్ పవర్ (పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం) పెట్టింది. ఆ ఇద్దరికీ పడని ఊళ్లలో వీధిలైటు బల్బుకు కూడా చెక్కు కదలని సంగతి చుట్టుపక్కల అందరూ చూసిందే. మన మెంబర్లు ఓటు వేసిన మనిషే ఉప సర్పంచ్ అయ్యాడు, అటువైపు వాళ్లు కూడా కొందరు వేశారు.

అయ్యో, మర్చిపోయాం. వీల్‌చైర్ తోసిన ఆశా అక్కకు, ఓటరు చీటీలు ఇంటింటికీ పంచిన బీఎల్వో (బూత్ స్థాయి అధికారి)కు, రాత్రి బడి ఊడ్చిన సఫాయి వాళ్లకు, పంచాయతీ కారోబార్ సార్‌కు కృతజ్ఞతలు. ముంబై నుంచి, హైదరాబాద్ నుంచి బస్సుల్లో నిలబడి వచ్చి ఓటేసి మళ్లీ రాత్రికే బయల్దేరిన పిల్లలకు, గేటు దగ్గర ఇరువైపుల వాళ్లకూ చాయ్ పోసిన పెద్దమ్మకు (ఆమె ఎవరికి ఓటేసిందో ఇప్పటికీ చెప్పలేదు).

కరెంటు పోయినప్పుడు జనరేటర్ తెచ్చి పెట్టిన తమ్ముడికి కూడా కృతజ్ఞతలు, అతను వాళ్ల పక్షం మనిషి. డీజిల్ డబ్బులు సగం మనం ఇస్తున్నాం. ప్రచారం బిల్లులు ఎవరి దగ్గరున్నా ఈ వారంలో అక్క ఇంట్లో ఇవ్వండి. ఓడినా సరే 45 రోజుల్లో ఖర్చుల లెక్క అప్పజెప్పాలి, లేదంటే మళ్లీ పోటీకి అనర్హత పడుతుంది. ఫ్లెక్సీలు రేపు పొద్దున తీసేద్దాం, కత్తెర వాళ్లు వాళ్లవి తీయడానికి నిచ్చెన తెస్తామన్నారు, అదే వాడుకోవచ్చు.