క్లచ్ కిట్ గురించి 76 రోజులుగా జవాబు రాని నా ఫిర్యాదు

హైదరాబాద్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పర్ఫార్మెన్స్ క్లచ్ కిట్, మీరు నాలుగుసార్లు నంబర్ మార్చిన నా ఫిర్యాదు

అయ్యా / అమ్మా,

మీ కంపెనీకి ఇది నేను రాస్తున్న ఏడో ఉత్తరం. ముందటి ఆరూ ఈమెయిల్‌లో పంపాను. వాటిని మీ దగ్గర ఒక మనిషి తెరిచి చదివినట్టు నాకు ఒక్క ఆనవాలు కూడా దొరకలేదు. అందుకే దీన్ని ప్రింట్ తీసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం తీసుకున్నట్టు ఎవరిదో ఒకరి సంతకం నా దగ్గర ఉంటుంది.

క్లచ్ సరిగ్గా లేనందుకే నాకు ఇంత కోపం వచ్చిందని అనుకోకండి. వస్తువన్నాక పాడవుతుంది, ఒక్కోసారి ఒకటి బదులు ఇంకొకటి వస్తుంది. 2004లో మన దేశంలోకి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారును ఇప్పటికీ నడుపుతున్నవాణ్ణి, పార్టుల కోసం వారాల తరబడి ఎదురుచూడటం నాకు అలవాటే. అడిగిన మాటకు జవాబు చెప్పకుండా మనిషిని 76 రోజులు తిప్పడం మాత్రం నేను సహించలేను.

మీకు రాణిగంజ్‌లో ఒక చిన్న కౌంటర్ మాత్రమే ఉన్న రోజుల నుంచి నేను మీ కస్టమర్‌ని. బ్రేక్ ప్యాడ్లు, ఇగ్నిషన్ కాయిళ్లు, టైమింగ్ బెల్ట్ కిట్ అన్నీ మీ దగ్గరే కొన్నాను. అప్పుడు కౌంటర్‌లో కూర్చునే మీ పెద్దాయన, పార్టు నా చేతికి ఇచ్చేముందు డబ్బా విప్పి, పాత పార్టు పక్కన పెట్టి, బోల్టు రంధ్రాలు సరిపోయాయో లేదో వేలితో చూపించేవారు. సరిపోకపోతే "ఇది మీకు వద్దు బాబూ" అని డబ్బా వెనక్కి తీసుకునేవారు. ఆ ఒక్క మాట వల్లే నేను మా ఆఫీసులో నలుగురిని మీ దగ్గరికి పంపాను. ఇప్పుడు వాళ్లు నన్ను అడుగుతున్నారు, నీ క్లచ్ సంగతి ఏమైందని.

కొనేముందు మీ సేల్స్ నంబర్‌కు ఫోన్ చేసి ఒకే మాట స్పష్టంగా చెప్పాను. ఈ బండి రోజూ మూసాపేట నుంచి గచ్చిబౌలి వెళ్లి రావాలి, ట్రాఫిక్‌లో నడపగలిగే క్లచ్ కావాలి అని. మీ అబ్బాయి హార్స్‌పవర్ ఎంత అన్నాడు. 220 అన్నాను. అంతే, "స్టేజ్ త్రీ తీసుకోండి సార్, చిన్నది ఆగదు" అన్నాడు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ బండి టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 210 న్యూటన్ మీటర్లని, ఇప్పుడు డైనో మెషీన్ మీద కొలిచిన షీటులో 320 చూపిస్తోందని నేనే చెప్పబోతే వినలేదు. క్లచ్ పట్టి ఉంచాల్సింది టార్క్‌ని. హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూసి క్లచ్ ఎంచకూడదు. పైగా క్లచ్ ఎంత గట్టిదో చెప్పే స్టేజ్ అనే మాటకు అందరికీ ఒకే కొలత లేదు, ఒక తయారీదారు స్టేజ్ టూ ఇంకొకరి స్టేజ్ త్రీ కంటే గట్టిది కావచ్చు. గట్టి ప్రెజర్ ప్లేటు, మధ్యలో కుదుపులు తగ్గించే స్ప్రింగులు, చుట్టూ మెత్తగా పట్టే లైనింగు ఉన్న ఫుల్ ఫేస్ ఆర్గానిక్ డిస్క్ చాలు కదా అని నేను రెండుసార్లు అడిగాను. మీ ఫోన్లు రికార్డ్ అవుతాయని మీరే చెబుతారు. తీసి వినండి.

మీరు పంపిన డబ్బాను మా మెకానిక్ భాయ్ షెడ్డులోనే విప్పాం. గుండ్రటి ప్లేటు చుట్టూ ఆరు సిరామిక్ బిళ్లలు, మధ్యలో ఒక్క స్ప్రింగు లేదు. భాయ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూసి, "అన్నా, రోజూ ఆఫీసుకు పోయే బండికి దీన్ని ఎవరు చెప్పిండ్రు? ఇది ట్రాక్ మీద తిప్పేటోళ్లది" అన్నాడు. గేర్‌బాక్స్ అప్పటికే దించి ఉంది. అక్కడి నుంచే మీకు ఫోన్ చేశాను. "అదే కరెక్ట్ సార్, వేయించేయండి, కొన్నాళ్లకు స్మూత్ అవుతుంది" అన్నారు. మీ మాట మీద నమ్మకంతో వేయించాను.

తర్వాతి శనివారం అమ్మను చిలుకూరు బాలాజీ గుడికి తీసుకెళ్తూ మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. క్లచ్ వదిలిన ప్రతిసారీ బండి మొత్తం దడదడమని ఎగిరింది. అమ్మ ఒక చేత్తో డాష్‌బోర్డు, ఇంకో చేత్తో కొబ్బరికాయల సంచీ పట్టుకుని, "ఏందిరా ఇది, నన్ను దించు, ఆటోలో పోతా" అంది. నిజంగానే లంగర్‌హౌస్ దగ్గర దిగి ఆటో ఎక్కింది. ఆ ఆటో వెనకాలే నేను గుడి దాకా వెళ్లాను.

ఇక మీ వాళ్ల సంగతి. మొదటి అమ్మాయి టికెట్ నంబర్ ఇచ్చి రెండు రోజుల్లో కాల్ వస్తుందంది. రాలేదు. ఐదో రోజు నేనే చేస్తే వేరే అబ్బాయి ఎత్తాడు. టికెట్‌లో ఏమీ రాసి లేదట, మొదటి నుంచి మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. "బెడ్-ఇన్ కాలేదు సార్, అంటే కొత్త క్లచ్ ఇంకా కుదురుకోలేదు, 800 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పండి" అన్నాడు. అప్పటికే 1,140 తిప్పానని, ఒక్కసారి కూడా గట్టిగా లాగలేదని చెప్పి మీటరు ఫొటో పంపాను. రెండు వారాల తర్వాత ఇంకొకాయన ఫోన్ చేసి, "మీరు వెయ్యి దాటించారు కదా సార్, అది వేర్ అండ్ టేర్ కిందికి వస్తుంది, వారంటీ ఉండదు" అన్నాడు. ఒకరేమో తక్కువ తిప్పానంటారు, ఇంకొకరేమో ఎక్కువ తిప్పానంటారు. ఈ రెండు మాటలూ ఒకే మీటరు ఫొటో చూసి అన్నవే. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎన్ని కిలోమీటర్ల దగ్గర నేను ఫోన్ చేసి ఉండాల్సిందో నాకు చెప్పించండి.

తర్వాత వీడియో కావాలన్నారు. పంపాను. సైజు ఎక్కువైందన్నారు. తగ్గించి పంపితే శబ్దం సరిగా లేదన్నారు. మూడోది తెల్లవారుజామున ఐదింటికి, రోడ్డు మీద ఎవరూ లేని సమయంలో తీసి పంపాను. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత పదకొండు రోజులు నిశ్శబ్దం. మళ్లీ ఫోన్ చేస్తే, టెక్నికల్ టీమ్ లైన్లోకి వస్తారు ఉండండి అన్నారు. 22 నిమిషాలు మీ పాట విన్నాక లైన్ కట్ అయింది. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం షెడ్డులో నిలబడి ఉండగా మీ మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, మాకు ఐదు స్టార్లు ఇవ్వండి అని. అప్పుడు నా కారు జాకీల మీద ఉంది. భాయ్ క్లచ్ ఆనే ఫ్లైవీల్ మీద టార్చి వేసి, నీలంగా మాడిన మచ్చల్ని నాకు ఒక్కొక్కటిగా చూపిస్తున్నాడు. ఆ సమయంలో ఆ మెసేజ్ చదివిన మనిషికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

సెలవు పెట్టి మాదాపూర్‌లోని మీ ఆఫీసుకు కూడా వచ్చాను. సెక్యూరిటీ అతను రిజిస్టర్లో పేరు రాయించుకున్నాడు. రిసెప్షన్‌లో అమ్మాయి నా మాట సగం విని, "ఆన్‌లైన్ ఆర్డర్లు ఇక్కడ చూడం సార్" అని పసుపు చీటీ మీద నంబర్ రాసి ఇచ్చింది. అదే టోల్ ఫ్రీ నంబర్. అది నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదని నాకు తెలుసు. లోపల ఉన్నవాళ్లెవరూ బయటికి రాకుండా ఆమెను అక్కడ కూర్చోబెట్టారు. ఆ చీటీ ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను.

ప్రస్తుతం పాత క్లచ్చే మళ్లీ వేయించాను. గేర్‌బాక్స్ రెండుసార్లు దించిన కూలీ నాది, పోయిన రెండు సెలవులు నావి. నాలుగో గేర్‌లో కాస్త తొక్కితే ఇంజిన్ ఆర్‌పీఎం లేస్తుంది గానీ బండి వేగం పెరగదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడం మానేశాను. మీ కిట్ తుడిచి అదే డబ్బాలో పెట్టి ఉంచాను. దాన్ని వెనక్కి తీసుకుని నేను మొదట అడిగిన క్లచ్ ఇస్తారో, నేను కట్టిన 64,500 రూపాయలు, కూలీ డబ్బులు కలిపి ఇస్తారో మీ ఇష్టం. దేనికైనా ముందు, పని తెలిసిన ఒక మనిషి నాకు ఫోన్ చేసి, జరిగిందంతా విని, తప్పు మాదే అని చెప్పాలి. ఆ మాట నాకు డబ్బు కంటే ముఖ్యం.

ఇక్కడిదాకా పాత పరిచయం కొద్దీ రాశాను. ఇకపైది నోటీసు అనుకోండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మీ దగ్గర రెండు నెలలు దాటాయి. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో ఫోన్ రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో, ఆ వెంటనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పెడతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంది, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. బిల్లు, డైనో షీటు, మూడు వీడియోలు, ఐదు స్టార్లు అడిగిన ఆ మెసేజ్ అన్నీ ఫైలు చేసి పెట్టుకున్నాను. మా ఆఫీసులో ఆ నలుగురికి కూడా జరిగింది జరిగినట్టు చెబుతాను.

బిల్లు మీదున్న నా నంబర్ మారలేదు. సాయంత్రం ఆరు దాటాక చేస్తే మొదటి రింగులోనే ఎత్తుతాను. చేసేముందు దయచేసి ఈ ఉత్తరం పూర్తిగా చదవండి. మొదటి నుంచి ఇంకోసారి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
రాణిగంజ్ కౌంటర్ నాటి మీ కస్టమర్,
మూసాపేట