టర్కీ టవల్‌ను నిమిరి కాదు, తూచి కొనాలి

సంపాదకులకు నమస్కారం.

టర్కీ టవల్ కొనేటప్పుడు చాలామంది చేత్తో నిమిరి, మెత్తగా ఉంటే చాలనుకుని బిల్లు వేయించేస్తారు. ఆ మెత్తదనంలో చాలా భాగం మిల్లులో చివర పట్టించిన సిలికాన్, సాఫ్టెనర్ల పూతది. నీళ్లు నూలులోకి దిగకుండా ఆ పూతే అడ్డుపడుతుంది. కొత్త టవల్‌తో ఎంత తుడుచుకున్నా ఒంటి మీద తడి పోకపోవడం అందుకే. వాడకముందే గోరువెచ్చని నీళ్లలో కొంచెం డిటర్జెంట్ పొడి వేసి రెండు మూడుసార్లు ఉతకాలి. ఆరాక ఒక నీటి చుక్క వేస్తే కొన్ని సెకన్లలో ఇంకిపోవాలి. పూసలా నిలబడితే ఇంకోసారి ఉతకాల్సిందే.

కొనేముందు చూడాల్సింది బరువు. లేబుల్ మీది జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. 75 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవు ఉన్న టవల్ 1.125 చదరపు మీటర్లు. 450 జీఎస్ఎం అని రాసుంటే అది 500 గ్రాములు దాటాలి. 400 గ్రాములే తూగితే 350 సరుకును 450 పేరుతో అంటగట్టినట్టే. మన ఇళ్లకు 400 నుంచి 500 మధ్యది చాలు. 600 దాటినవి డ్రయ్యర్లుండే హోటళ్లకు నప్పుతాయి. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో బాల్కనీ తీగ మీద అవి త్వరగా ఆరవు. తడి నిలిస్తే బ్యాక్టీరియా పెరిగి ముక్కిన వాసన పట్టుకుంటుంది.

నేతను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. టర్కీ నేతలో పడుగు, అంటే నిలువు పోగులు, రెండు రకాలు, ఒకటి బిగువు, ఒకటి వదులు. మూడు పేక (అడ్డం) పోగులను కలిపి ముందుకు కొట్టినప్పుడు వదులు పడుగు లేచి లూపు అవుతుంది. అడుగు నేత పలచగా ఉంటే లూపుకు పట్టు ఉండదు, ఊరికే లేచొస్తుంది. అలా లేచిన లూపును లాగితే వరసంతా కదులుతుంది. కత్తెరతో కత్తిరిస్తే అక్కడితో ఆగిపోతుంది. ఈ నేతలో సోలాపూర్‌ది పెద్ద పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడి మగ్గాల మీద తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీల చెమట ఎంతో ఉంది.

మంచి టవల్‌ను పాడుచేసేది ఎక్కువగా మన ఉతుకే. కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్లు చొక్కాలకు వాడుకోండి, టవల్‌కు వద్దు. అవి పోగు మీద జిడ్డు పొర కడతాయి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే తెల్లటి మడ్డి తయారై లూపుల్లో ఇరుక్కుంటుంది, టవల్ అట్టలా బిగుస్తుంది. అలాంటి ఊళ్లలో బట్టల సబ్బు కన్నా డిటర్జెంట్ పొడి నయం. బిగిసిన టవల్‌ను ఉతికాక, అర బకెట్ నీళ్లలో ఒక టీస్పూన్ నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి పావుగంట నానబెట్టి జాడించాలి. నిమ్మ ఉప్పును బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. రంగు టవళ్ల మీద వచ్చే తెల్ల మచ్చలకు చాలాసార్లు కారణం మొటిమలకు రాసుకునే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము. అది రాసుకునేవారికి తెల్ల టవల్ ఇవ్వండి.

ఆరేసే ముందు రెండు చివరలూ పట్టుకుని గట్టిగా నాలుగుసార్లు దులిపితే అణిగిన లూపులు లేస్తాయి. మడత లేకుండా పరచాలి. ఇస్త్రీ చేయొద్దు, లూపులు చదునై పీల్చే గుణం తగ్గుతుంది.

షాపులవారికి ఒక విన్నపం. టవళ్ల అరల దగ్గర ఒక చిన్న తక్కెడ పెట్టండి. తయారీదారులు జీఎస్ఎంతో పాటు ఒక్కో టవల్ బరువును గ్రాముల్లో అచ్చువేయాలి.

– ఒక పాఠకురాలు, కాకినాడ