ఉదయగిరి కోట కింద రెండు రోజులు: జమా ఖర్చుల వివరం

అందరికీ నమస్కారం. కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట గెలిచిన 1514 నాటి పనులు, వంటలు పిల్లలకి చూపిద్దామని ఫిబ్రవరిలో కొండ కింద మనం చేసిన రెండు రోజుల కార్యక్రమానికి ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది పది రోజుల్లో చెప్తామన్నాం. ఇరవై ఆరు రోజులు పట్టింది. షామియానా బిల్లు ఆలస్యంగా రావడం ఒక కారణం, మా ఖజాంచి గారింట్లో పెళ్ళి ఇంకో కారణం. ముందు అసలు సంగతి చెప్పేస్తాను. వచ్చింది 2,07,505 రూపాయలు, ఖర్చయింది 2,14,665 రూపాయలు. 7,160 రూపాయలు తగ్గింది. తిట్టాలనుకున్న వాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి.

వచ్చిన డబ్బు సంగతి తొందరగా అయిపోతుంది. నాలుగు రసీదు పుస్తకాల మీద ఊళ్ళో వసూలైంది 68,450. ఫోన్‌పేలో వచ్చింది 91,200, ఇందులో సగం పైన నెల్లూరు, బెంగళూరు, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు పంపిందే. రాయలవారి ఊరేగింపు కోసమని ఒక్కరే ఇచ్చింది 25,000, దీని కథ తర్వాత చెప్తాను. శనివారం వచ్చిన బడి పిల్లలు 412 మంది, తలకి 30 చొప్పున 12,360, టీచర్ల దగ్గర తీసుకోలేదు. గేటు దగ్గర పెట్టిన హుండీలో 7,315. పోయిన ఏడాది మెట్ల దారి శుభ్రం చేసినప్పటి మిగులు 3,180. మూడో పుస్తకంలో 37వ నంబరు రసీదు చినిగింది, రెండు ముక్కలూ పుస్తకానికే అతికించాం, దాని మీద కథలు అల్లొద్దు.

ఇప్పుడు ఖర్చు. ఎక్కువమంది అడిగింది కూలి గురించి. పనివాళ్ళకి 41,800 ఇచ్చాం. "చూపించడానికి వచ్చిన వాళ్ళకి అంతెందుకు, ఒక శాలువా కప్పితే సరిపోయేది కదా" అని ఒక పెద్దాయన అన్నారు. శాలువా కప్పుకుని ఇంటికెళ్తే పొయ్యి మీదకి ఏమొస్తుందండీ? రెండు రోజుల పని మానుకుని మన కోసం వచ్చిన వాళ్ళు వాళ్ళు. రాళ్ళు కొట్టే వాళ్ళు నలుగురికి రోజుకి 1,500 చొప్పున 12,000. చెక్క స్పూన్లు చేసే ఆరుగురికి రోజుకి వెయ్యి చొప్పున 12,000. గానుగ సున్నం (ఎద్దులు తిప్పే గానుగలో నూరే సున్నం) మేస్త్రికి, ఎద్దుల జతకి కలిపి 9,000. కుమ్మరి వాళ్ళిద్దరికి 4,000. కొలిమి పెట్టిన కమ్మరి వాళ్ళిద్దరికి 4,800. స్పూన్ల వాళ్ళు రెండు రోజులూ అక్కడే సరుకు అమ్ముకున్నారు, అందులో కమిటీకి వాటా లేదు, ఎంత అమ్మారో మేం అడగలేదు కూడా. స్పూన్లకి వాడే నర్ది చెక్క, బిక్కి చెక్క ముందు పెట్టుకుని ఆకురాయితో రుద్దుతూ ఒకామె మాట్లాడుతుంటే పిల్లలు లేవనేలేదు. ఉదయగిరి స్పూన్లకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉందని ఊళ్ళో ఉన్న మనకే సగం మందికి తెలీదు.

రాళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే. 1513లో మొదలెట్టి 1514కి కృష్ణదేవరాయలు ఈ కోట తీసుకున్నాడని అందరికీ తెలుసు. ఎలా తీసుకున్నాడో ఎవరూ అడగరు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ తర్వాత కాలంలో రాసిన దాని ప్రకారం రాయలు 34,000 మంది కాల్బలం, 800 ఏనుగులతో వచ్చాడు, కోటలో ఉన్నది పది వేల మంది కాల్బలం, 400 గుర్రాలు. తిండి అందకుండా చేస్తే తప్ప లొంగే కోట కాదు, అంత గట్టిది. ఏడాదిన్నర ముట్టడిలో సైనికులు బురుజుల దాకా వెళ్ళడానికి పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి కొండ మీద దారులు వేయించాడట. ఆ బండలు పగలగొట్టింది ఎవరు? రాయలు కాదు కదా. అందుకే ఈసారి రాజుగారి దర్బారు కాకుండా రాయి కొట్టే పని నడిమధ్యలో పెట్టాం. నాలుగడుగుల బండకి గీత గీసి, ఉలితో వరసగా గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగేసి, సమ్మెటతో ఒక్కోదాన్నీ వంతులవారీగా కొడుతూ పోయారు. చీలేముందు రాయి చప్పుడు మారుతుంది, విను అని మేస్త్రి అంటే అంతమంది పిల్లలు గమ్మునైపోయారు. రెండుంపావు గంటలకి చీలింది. మైకులో ఎంత మొత్తుకున్నా రాని నిశ్శబ్దం అది!

కోట రాళ్ళు పగలగొట్టారని ఊళ్ళో ఒక పుకారు తిరుగుతోంది. కొండ మీది రాయి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. రెండు ట్రిప్పుల రాయి క్వారీ నుంచి ట్రాక్టరులో తెచ్చాం, రాయి, ట్రాక్టరు కలిపి 6,500, బిల్లు ఉంది, కార్యక్రమం పెట్టింది కూడా కొండ ఎక్కకముందే ఉన్న స్కూలు గ్రౌండులో. మిగతా సామాను: చెక్క 4,200, సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ కలిపి 5,350, కొలిమికి బొగ్గులు 1,400. సున్నంలో బెల్లం కలుపుతుంటే చీమలు పట్టవా అని ఒక బుడ్డోడు అడిగాడు. మేస్త్రి నవ్వి ఊరుకున్నాడు, మాకూ జవాబు తెలీదు.

భోజనాలు 64,100. ఇది చూసి గుండె పట్టుకున్న వాళ్ళున్నారు. రెండు రోజుల్లో వెయ్యి మందికి పైగా తిన్నారు, అదీ లెక్కలో పెట్టుకోండి. నూనెకే 11,700 ఏంటని అడిగారు. 1514 నాటి వంట పెడదామనుకున్నాం, అప్పటికి మన వంటిళ్ళలో మిరపకాయ లేదు, టమోటా లేదు, బంగాళాదుంప లేదు, వేరుశనగ కూడా లేదు, అవన్నీ అమెరికా ఖండం నుంచి తర్వాత వచ్చినవి. వేరుశనగ నూనె లేదంటే నువ్వుల నూనె, 30 లీటర్లు, లీటరు 390. మిరప లేదంటే మిరియాలు, 3 కిలోలు 2,550. నెల్లూరు జిల్లాలో మిరపకాయ లేకుండా పులుసు పెట్టిన మొదటి కమిటీ మాదే అయ్యుంటుంది. వంట మేస్త్రి మొదట ఒప్పుకోలేదు, నా పేరు పోతుందన్నాడు. వంకాయ, బీరకాయ, దోసకాయ, బూడిద గుమ్మడి, చింతపండు కలిపి 8,900, బియ్యం అయిదు బస్తాలు 6,750, కందిపప్పు 5,600, మజ్జిగ 5,400, వంటవాళ్ళకి 14,000, గ్యాసు, గిన్నెల అద్దె 6,200, విస్తర్లు 3,000. ఆదివారం కొంతమంది పెద్దవాళ్ళు పక్క హోటల్లో కారప్పొడి అడిగి తెచ్చుకుని కలుపుకున్నారు. పేర్లు రాయడం లేదు.

పైసా ఖర్చు లేకుండా జరిగింది ఒక్కటుంది. లెక్కల మాస్టారు పిల్లల్ని చెట్టు కింద కూచోబెట్టి, కోటలో పది వేల మంది ఉంటే మనిషికి రోజుకి అరకిలో బియ్యం చొప్పున ఎంత కావాలి అని అడిగారు. రోజుకి 5 టన్నులు. మన 25 కిలోల బస్తాలైతే 200. ఏడాదిన్నరకి, అంటే దాదాపు 540 రోజులకి, 2,700 టన్నులు. తలెత్తి కొండ వైపు చూసి "అంతా పైకి మోశారా సార్" అన్నారు పిల్లలు. దాని తర్వాత ముట్టడి అంటే ఏంటో మేం వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఇక గుర్రం. రాయలు గుర్రమెక్కి రావాలని 25,000 ఇచ్చిన దాత గారి కోరిక. కమిటీలో ఇద్దరం వద్దన్నాం, మిగతావాళ్ళు ఒప్పుకున్నారు, సరే అన్నాం. గుర్రం అద్దె 12,000, తెచ్చి తీసుకెళ్ళడానికి 3,500. డప్పులు మొదలవగానే గుర్రం బెదిరి షామియానా తాడు తెంపింది, దేవుడి దయవల్ల ఎవరికీ ఏం కాలేదు. రాయలవారు నడిచే వచ్చారు. నూనిజ్ గుర్రాల వ్యాపారే కదా, ఆయన ఉండుంటే డప్పుకి బెదరని గుర్రాన్ని చూపించేవాడు. తప్పు గుర్రానిది కాదు, డప్పుల వాళ్ళది కాదు, ముందురోజు ఒకసారి రిహార్సల్ పెట్టుకోని మాది. తెగిన తాడుకి షామియానా ఆయన డబ్బులు అడగలేదు, ఆయనకి థ్యాంక్స్.

దాత గారిచ్చిన దాంట్లో గుర్రానికి పోను 9,500 మిగిలింది. అది రాళ్ళు కొట్టిన వాళ్ళ కూలిలో కలిసిపోయింది. ముందే అడిగి కలపాల్సింది, హడావిడిలో అడగలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఆయన వెనక్కి అడిగితే ఇచ్చేస్తాం, అప్పుడు తగ్గింది 7,160 కాదు, 16,660 అవుతుంది. దాచడం ఎందుకని ఇక్కడే రాస్తున్నాను.

మిగిలినవి గబగబా. షామియానా, కుర్చీలు, మైకు 27,500. వేషాలు 11,300, ఇందులో 6,000 నాటకాల వాళ్ళ దగ్గర అద్దె, మిగతాది పంచెలు, తలపాగా గుడ్డలు, అవి బీరువాలో ఉన్నాయి, వచ్చేసారి పనికొస్తాయి. దూరపు ఊళ్ళ పిల్లలకి వ్యాన్లు అయిదు, ఒక్కోటి 2,800 చొప్పున 14,000. తాగే నీళ్ళు 160 క్యాన్లు, రెండు ట్యాంకర్లు, అన్నీ కలిపి 5,600. మందులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు 1,850. కరపత్రాలు, ఫ్లెక్సీలు 9,400. ఇక్కడి నుంచి రాయలు హంపికి తీసుకెళ్ళిన బాలకృష్ణుడి విగ్రహం బొమ్మ ఉన్న ఫ్లెక్సీ దగ్గర ఎక్కువమంది ఆగారు, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉందంటే చాలామంది నమ్మలేదు. పెద్ద ఫ్లెక్సీ మీద 1514 బదులు 1541 పడింది, అది మా ప్రూఫు తప్పే, మళ్ళీ వేయించిన 1,600 చూసినవాళ్ళిద్దరూ సొంతంగా కట్టారు, ఈ లెక్కలో లేదు. అయిపోయాక శుభ్రం చేసిన ఆరుగురికి, సంచులకి కలిపి 4,000. జిరాక్సులు, అర్జీలు, తాళ్ళు, బ్యాటరీలు 2,165. స్టేజీ మీద దండలు లేవు, శాలువాలు లేవు, అందుకు అలిగిన పెద్దలు ముగ్గురున్నారు, వాళ్ళింటికెళ్ళి మాట్లాడతాం.

తగ్గిన 7,160కి మళ్ళీ చందాకి రాము. కమిటీలో ఎనిమిది మందిమి తలా 895 వేసుకుంటున్నాం. ఆరుగురు ఇచ్చేశారు, ఇద్దరు జీతం వచ్చాక ఇస్తామన్నారు, షామియానా ఆయనకి ఇంకా 1,790 ఇవ్వాలి. పుస్తకాలు, బిల్లులు ఖజాంచి గారి షాపులో ఉన్నాయి, వచ్చే రెండు ఆదివారాలు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. చీలిన బండ రెండు ముక్కలూ ఇంకా స్కూలు గ్రౌండులోనే ఉన్నాయి. హెడ్మాస్టరు గారు తీయమంటున్నారు, ట్రాక్టరతను 1,500 అడుగుతున్నాడు, పిల్లలేమో దాని మీద కూర్చుని అన్నం తింటున్నాం, తీయొద్దు అంటున్నారు.